ఐదు పౌండ్ల స్టేకూ, మొదటి ముక్కా

“ముక్క గొంతులో అడ్డం పడితే ఏం చేస్తావే? అంతమంది చూస్తుండగా నువ్వు నీలంగా మారిపోతే, నేను ముందు ఎవర్ని పిలవాలి? అంబులెన్సునా, పాస్టరు గారినా?”

వచ్చే శనివారం రెడ్ గేట్ స్టేక్‌హౌస్‌లో ఐదు పౌండ్ల స్టేక్ పందేనికి కూర్చుంటున్నానని మా అమ్మాయి షెల్బీ చెప్పగానే నా నోట్లోంచి వచ్చిన మొదటి మాటలివి. అప్పటికింకా పొయ్యి వెలిగించలేదు. ఆ స్టేక్ కాబోయే కోడె, పశువుల్ని బలిపించే ఎవరి ఫీడ్‌యార్డులోనో నిలబడి హాయిగా నెమరేస్తూనే ఉండి ఉంటుంది. నేను మాత్రం అంత్యక్రియలకి ఏ గౌను వేసుకోవాలో కూడా ఆలోచించేశాను. నల్లదానికి జిప్పు పాడయింది. నీలంది మరీ పెళ్ళికళగా ఉంటుంది.

“ముందు నన్ను నమలనివ్వమ్మా. ఆ తర్వాత ఏడుద్దువుగాని,” అంది షెల్బీ, బూట్లకి అంటిన పేడని పుల్లతో గీక్కుంటూ.

దాని ఉద్యోగం మీకు తెలుసు కదా. పొద్దున్నే గుర్రమెక్కి ఫీడ్‌యార్డులో దొడ్డి దొడ్డికీ తిరిగి, జబ్బు పడ్డ పశువుల్ని ఏరి పక్కకి తోలాలి. పిల్ల చూస్తే చీపురుపుల్ల. గాలి గట్టిగా వీచిన రోజు టోపీ ఎగిరిపోతే ఫరవాలేదు, టోపీ కింద పిల్ల ఎగిరిపోతుందేమోనని నా బెంగ. అలాంటి పిల్ల ఐదు పౌండ్ల మాంసం, దాని పక్కన పిడికిలి పట్టనంత ఆలుగడ్డ, గిన్నెడు బీన్స్, సలాడు, బన్ను, ఇన్నీ ఒక్క గంటలో తింటుందట!

కానీ నేను ఈ పత్రికలో రాసే మనిషిని. మన టెక్సస్ ఉత్తరపు కొసన ఇన్నేళ్ళ నుంచీ దుమ్ము తింటున్నదాన్ని. కాబట్టి తల్లి గుండెని కాసేపు పక్కన పెట్టి, చదువు అంతంతమాత్రమే అయినా, నిష్పక్షపాతంగా ఆలోచించాను. ఆలోచించి, ఇదిగో, ఈ నిర్ణయానికి వచ్చాను.

స్టేక్ పందెం మన ఊరికి దొరికిన వరం!

నవ్వకండి. చర్చి ఆడవాళ్ళ సంఘం ఆ పందేన్ని ఎత్తేయించాలని చూస్తోందని నాకు తెలుసు. తిండిపోతుతనం పాపమట. పాపమే. అయితే మన చర్చిలో నెలకోసారి జరిగే భోజనాల్లో మూడోసారి వడ్డించుకునే వాళ్ళందరూ ఎవరు? ఆ సంఘం వాళ్ళే కాదా? రెడ్ గేట్ యజమాని డబ్ గారి స్టేజి మీద తింటే పాపం, మన బల్ల దగ్గర తింటే సహవాసమా?

ముందు ఆరోగ్యం సంగతి చూద్దాం.

హైవే మీద పోయే ప్రతి కారూ ఆ ఎర్రగేటు బోర్డు చూసి మన ఊళ్ళోకి తిరుగుతుంది. ఆదివారం మన చర్చి ముందు మనకే పార్కింగ్ దొరకదు. ఎక్కడో ధాన్యం గోదాముల దగ్గర బండి పెట్టి నడిచి రావాలి. ఆలోచించండి! మన కౌంటీలో పోస్టు డబ్బా దాకా వెళ్ళాలన్నా పికప్ తీసే మగాళ్ళు, ఇప్పుడు వారానికోసారి అంత దూరం నడుస్తున్నారు! ఇది ఏ డాక్టరు చేయించగలిగాడు?

ఇక ఆ కూత. ఎవరైనా పళ్ళెం ఖాళీ చేస్తే, డబ్ గారు ఒక పాత గూడ్స్‌బండి కూత మోగిస్తారు. నిజమైన రైలు ఇంజనుది, ఆయనకి ఎక్కడ దొరికిందో అడక్కండి. ఆ చప్పుడుకి మా కోళ్ళు గుడ్లు పెట్టడం మానేశాయి. మంచిదే కదా! మా ఆయనకి గుండెలో స్టెంట్ వేశాక డాక్టరు గుడ్లు తగ్గించమన్నాడు. నేను చెబితే వినని మనిషి, కోళ్ళు చెబితే విన్నాడు.

నీతి సంగతికి వస్తే, రికార్డు వీరుల గోడని మించిన బడి ఉందా?

మీరు చూసే ఉంటారు. రెడ్ గేట్ తలుపు తీయగానే ఎదురుగా ఫోటోలు. కాన్సస్ నుంచి గోధుమ కోతలకి వచ్చిన ఎర్ల్ అనే మనిషి, మెడ ఎక్కడ మొదలై భుజం ఎక్కడ పూర్తవుతుందో తెలియని ఆకారం, ఏళ్ళ తరబడి అన్నిటికన్నా పైన ఉన్నాడు. నేను కళ్ళజోడు వెతుక్కునేంతలో స్టేక్ మొత్తం తినేశాడని చెప్పుకునేవాళ్ళు. ఊళ్ళోకి వచ్చినప్పుడల్లా తన ఫోటో కింద కూర్చుని, ఎవరైనా పోలిక గుర్తుపడతారేమోనని కాఫీ మీద కాఫీ తాగేవాడు.

ఒకరోజు నెబ్రాస్కా నుంచి ఒక పియానో టీచరమ్మ వచ్చింది. సన్నటి మనిషి, మెడలో ముత్యాల దండ. చేతిరుమాలు ఒళ్ళో పరుచుకుంది. తల ఎత్తలేదు, చెమట పట్టలేదు. స్టేక్ తినేసి, నోరు తుడుచుకుని, “పెకాన్ పై ఉందాండీ?” అని తీపి కూడా అడిగింది. ఎర్ల్ ఫోటో మర్నాటికి బాత్రూం తలుపు పక్కకి వెళ్ళిపోయింది. ఈ లోకపు కీర్తి నిలవదని పాస్టరు గారు ఇన్నేళ్ళుగా గొంతు చించుకుంటున్నారు. ఆ టీచరమ్మ భోజనం చేసినంత సేపట్లో చెప్పి వెళ్ళిపోయింది!

వినయం కావాలా? ఓడిపోయిన వాళ్ళని చూడండి. లబ్బక్ నుంచి వచ్చిన ట్రాక్టరు విడిభాగాల సేల్స్‌మన్ సంగతి మర్చిపోయారా? ఆ పందెంలో ఒక పద్ధతుంది. డబ్ గారి తాతగారి నాటిది. మాంసం స్టేజి మీదకి వచ్చాక, కూర్చున్నవాళ్ళు ముందు ఒక్క ముక్క కోసి రుచి చూడాలి. దాన్ని కాల్చిన వంటమనిషే స్వయంగా బయటికి వచ్చి, టోపీ తీసి, సరిగ్గా కాలిందా అని అడగాలి. తినేవాళ్ళు నోరు తెరిచి జవాబు చెప్పాలి. తలాడిస్తే కుదరదు. ‘బాగుంది’ అన్నాకే గడియారం మొదలవుతుంది. బాగాలేదంటే వంటమనిషి పళ్ళెం తీసుకెళ్ళి, మళ్ళీ కాల్చి, మళ్ళీ తెచ్చి, మళ్ళీ టోపీ తీసి అడగాలి.

ఆ సేల్స్‌మన్ అంచు మాడిందని ఒకసారి, ఉప్పు తక్కువైందని ఒకసారి, పళ్ళెం చల్లగా ఉందని ఒకసారి వెనక్కి పంపాడు. జనం స్టేజి చుట్టూ నవ్వుతూనే ఉన్నారు. చివరికి ‘బాగుంది’ అన్నాడు. అన్నాక ఆలుగడ్డ కూడా పూర్తి చెయ్యలేకపోయాడు. ఆ తర్వాత ఇటువైపు ఎవరికైనా ఫ్యాన్ బెల్టు అమ్మినప్పుడు ఎంత మర్యాదగా మాట్లాడుతున్నాడో గమనించారా?

పందెం వల్ల పెళ్ళిళ్ళు కూడా జరుగుతాయి. నాకంటే సాక్ష్యం ఎవరు కావాలి? ఆ గోడ మీద, కోట్లు తగిలించే కొయ్య వెనకాల, సగం కనపడీ కనపడకుండా ఒక ఫోటో ఉంది. గుబురు మీసం, గడ్డం మీద గ్రేవీ, రెండు చేతులూ పైకెత్తిన కుర్రాడు. ఆయనే మా ఆయన రాయిస్. అప్పట్లో అది రికార్డు. పళ్ళెంలో పెట్టింది వదలకుండా తినే మగాడు నా వంటకి వంక పెట్టడనుకుని పెళ్ళాడాను. అంతవరకూ నా లెక్క తప్పలేదు.

షెల్బీ చిన్నప్పుడు మేం ఎప్పుడు రెడ్ గేట్‌కి వెళ్ళినా, రాయిస్ దాన్ని భుజాల మీదకెక్కించుకుని ఆ కోట్లు పక్కకి జరిపేవాడు. “నాన్నా, నీ మీసం ఎటు పోయింది?” అని అది అడిగేది. “స్టేక్‌తో పాటు తినేశాను తల్లీ,” అనేవాడు. ప్రతిసారీ అదే ప్రశ్న. ప్రతిసారీ అదే జవాబు. ఇద్దరూ ప్రతిసారీ విరగబడి నవ్వేవాళ్ళు.

ఇప్పుడా ఇద్దరూ మాట్లాడుకోరు.

ఊళ్ళో అందరికీ తెలిసిందే కాబట్టి నేనే చెప్పేస్తాను. మీరు చెప్పుకునేటప్పుడు కుక్క పేరు తప్పు చెబుతున్నారు. దాని పేరు బిస్కట్, బట్టర్ కాదు.

ఈస్టరు రోజు మధ్యాహ్నం. బల్ల చుట్టూ రాయిస్ అన్నదమ్ములు, చర్చి పెద్దలు. స్టెంట్ వేసి అప్పటికి ఎంతో కాలం కాలేదు. రాయిస్ తెల్లారకముందే లేచి పొగమీద కాల్చిన బ్రిస్కెట్ మాంసం మధ్యలో ఉంది. అందరికీ వడ్డించి, తన పళ్ళెంలో ఒక గుట్ట వేసుకున్నాడు. షెల్బీ లేచింది. తండ్రి చేతికింద నుంచి పళ్ళెం లాక్కుని, వరండాలోకి వెళ్ళి, మొత్తం బిస్కట్ గిన్నెలోకి గీకేసింది. ఖాళీ పళ్ళెం తెచ్చి ఆయన ముందు పెట్టింది. అందులో మూడు చిక్కుడుకాయలు వేసింది.

వరండాలో కుక్క చప్పరించడం ఒక్కటే వినపడుతోంది.

“నా ఇంట్లో, నా తమ్ముళ్ళ ముందు, నా పళ్ళెం మీద ఎవరూ చెయ్యి వేయడానికి వీల్లేదు,” అన్నాడు రాయిస్.

“అయితే నీ ఇంటికి రానులే,” అంది షెల్బీ.

అంతే. ఒక్కొక్కరూ ఒక్కొక్క వాక్యం. రెండూ పెద్ద పొడుగువి కూడా కావు. అయినా చూడండి, ఎంత కాలం సాగుతున్నాయో!

అది ఫీడ్‌యార్డు పక్కన చక్రాల మీదుండే ట్రెయిలర్ ఇల్లొకటి అద్దెకి తీసుకుంది. నేను క్యాసరోల్ పట్టుకుని వారం వారం వెళ్తాను. “నాన్న మందులు వేసుకుంటున్నాడా?” అని అడుగుతుంది. ఇంటికొస్తే, “ఆ పిల్ల ట్రెయిలర్ చక్రాల కింద దిమ్మలు సరిగ్గా పెట్టుకుందా? గాలివాన వస్తే?” అని ఈయన అడుగుతాడు. “మీరే అడగండి,” అంటాను. ఆవిడేమో, “ముందు ఆయన్ని అడగమను.” ఈయనేమో, “ముందు దాన్ని రమ్మను.” నన్ను కన్నవాళ్ళు నాకు నెల్డా అని పేరు పెట్టింది ఇలా తంతి తీగలా వాడతారని కాదు.

మన మట్టిరోడ్డు మీద ఎదురుగా ఏ బండి వచ్చినా స్టీరింగు మీంచి ఒక వేలు ఎత్తుతాం కదా. ముక్కూ మొహం తెలియని వాడికైనా ఎత్తుతాం, అప్పు ఎగ్గొట్టిన వాడికైనా ఎత్తుతాం. నేను పక్క సీట్లో ఉండగా ఒకరోజు షెల్బీ పికప్ ఎదురొచ్చింది. రాయిస్ వేలు లేవలేదు. దాని వేలూ లేవలేదు. రెండు బళ్ళూ దుమ్ములో కలిసి విడిపోయాయి. వాళ్ళిద్దరికీ బదులు నేను రెండు చేతులూ ఎత్తి ఊపాను. కంగారులో చేతిలోని ఐస్‌టీ నా ఒళ్ళోనే పోసుకున్నాను.

ఆ మధ్యలోనే మేత లారీ తోలడం వద్దని రాయిస్‌కి డాక్టరు చెప్పాడు. బరువులెత్తని పని చూసుకోమన్నాడు. మా ఆయన చూసుకున్నాడు. ఎక్కడో తెలుసా? రెడ్ గేట్‌లో, పొయ్యి దగ్గర! తినకూడని మాంసాన్ని పొద్దంతా ఎదురుగా పెట్టుకుని కాల్చే ఉద్యోగం. ఆ పొగకి, ఆ వేడికి, ఆ వాసనకి గుండె ఏమవుతుందోనని నేను రోజుకో రకంగా వితంతువునవుతున్నాను. ఆయన మాత్రం ఒక్క ముక్క నోట్లో వేసుకోడట. నా స్నేహితురాలు ఓలీటా అక్కడ వడ్డన చేస్తుంది, అదే చెప్పింది. “మీ ఆయన స్టేక్‌ని పసిబిడ్డలా తిప్పుతాడే. కానీ రుచి చూడడు. ఎవరో చూస్తున్నట్టు భయం ఆయనకి.”

ఎవరు చూస్తున్నట్టో నాకు తెలుసు.

ఇదీ సంగతి. ఇప్పుడు అసలు వరం దగ్గరికి వద్దాం.

మీ ఇళ్ళల్లో భోజనం ఎలా జరుగుతుంది? మా ఇంట్లో ఎలా జరిగేదో చెబుతాను. ఒకరు నిలబడి తింటారు, ఒకరు బండిలో తింటారు, ఒకరు ఫోను చూస్తూ తింటారు. నేను గ్రేవీ వేడి చేసి తెచ్చేసరికి బల్ల దగ్గర ఎవరూ ఉండరు, కుర్చీలు ఉంటాయి. కానీ రెడ్ గేట్ స్టేజి మీద? లేవకూడదు! లేస్తే ఓడిపోయినట్టే! ఫోను ముట్టుకోకూడదు! నడివయసు దాటాక ఏ తల్లికైనా తన బిడ్డ ఎదురుగా కూర్చుని, నిమ్మళంగా, పళ్ళెంలోది పళ్ళెంలోనే ఉండగా తింటుంటే చూసే భాగ్యం ఇంకెక్కడ దొరుకుతుంది? ఆ గోడ మీద రాత్రింబవళ్ళు వండిపెట్టే వాళ్ళ ఫోటోలు ఎందుకు లేవని నేనడగను. పెద్ద మనసు చేసుకున్నాను.

అయినా, నిజం చెప్పాలిగా, శుక్రవారం నేను డబ్ గారి దగ్గరికి వెళ్ళి బతిమాలాను.

“డబ్ గారూ, దాని పేరు కొట్టేయండి. అంత తినడం దానివల్ల కాదు. తిన్నా బతకదు.”

ఆయన గల్లాపెట్టె వెనకాల కూర్చుని పుల్లతో పళ్ళు కుట్టుకుంటున్నారు. “నెల్డమ్మా, నీ కూతురు పోయిన వారం మా పెరటి గుమ్మంలో నిలబడి నన్నేం అడిగిందో తెలుసా? ‘శనివారం మధ్యాహ్నం పొయ్యి దగ్గర ఎవరుంటారు?’ అని అడిగింది. చెప్పాను. అప్పుడు పేరిచ్చింది.”

“అంటే?”

“అంటే ఏముంది. పొయ్యి దగ్గర మంచివాడుంటేనే తింటానంటోంది. నాకు ఆ మాత్రం మెచ్చుకోలు చాలు.”

నాకు ఆయన మాట సగమే ఎక్కింది. మిగతా సగం ముక్క అడ్డం పడటం గురించిన ఆలోచనలో కొట్టుకుపోయింది. ఇంటికొచ్చి సంచి సర్దుకున్నాను. ఆస్పిరిన్, కట్లు కట్టే గుడ్డ, స్పృహ తప్పితే వాసన చూపించే ఉప్పు, అడ్డం పడ్డ ముక్కని వెనక నుంచి పట్టుకుని బయటికి ఎలా తెప్పించాలో బొమ్మలతో ఉన్న కాగితం. రాయిస్‌తో, “రేపు ఎవరు కూర్చుంటున్నారో తెలుసా?” అన్నాను.

“తెలుసు,” అన్నాడు.

“ఏమంటావు?”

“అది మాంసాన్ని నిప్పుకి చూపిస్తే చాలంటుంది,” అన్నాడు. లేచి వెళ్ళి కుక్కకి నీళ్ళు పెట్టాడు.

అది నిజమే. పాలపళ్ళ నాటి నుంచీ అంతే. మిగతా పిల్లలు బాగా కాలిన అంచు కోసం పోట్లాడుకుంటే, మా పిల్ల ఎర్రగా రసం కారుతుంటేనే ముట్టుకునేది. కొంచెం ఎక్కువ కాలిందంటే బిస్కట్‌కి ముందున్న కుక్కకి వేసేది. పిల్ల కడుపులో పురుగులు పడతాయని నేను ఏడ్చేదాన్ని. పడలేదు. ఇంకా పడొచ్చు.

శనివారం మధ్యాహ్నం ఊరంతా అక్కడే ఉంది. పందెం పాపమన్న సంఘం వాళ్ళు ముందు వరసలో ఉన్నారు, పాపాన్ని దగ్గర్నుంచి చూడాలి కదా. ఎవరో షెల్బీని చూసి, “ఏయ్ చీపురుపుల్లా, ఆలుగడ్డ దగ్గరే ఆగిపోతావే!” అని అరిచారు. “నువ్వు మీ ఆవిడ కేకకే ఆగిపోతావు కదా, ఏం పోయింది?” అంది అది. జనం గొల్లుమన్నారు. ఆ పిల్ల స్టేజెక్కి కూర్చుంది. టోపీ తీసి కుర్చీకి తగిలించింది. నేను మెట్టు పక్కనే, సంచి ఒళ్ళో పెట్టుకుని, ఏ చేత్తో పట్టుకోవాలో కాగితం చూసి వల్లె వేసుకుంటున్నాను.

వంటింటి తలుపు తెరుచుకుంది. పళ్ళెం వచ్చింది. పట్టుకొచ్చింది రాయిస్ కాదు. ఓలీటా!

“ఎలా కాలిందో నన్ను అడిగి రమ్మన్నాడమ్మా,” అంది ఓలీటా, బిక్కమొహం వేసుకుని.

షెల్బీ కత్తి కింద పెట్టేసింది. “కాల్చినవాళ్ళే కదా వచ్చి అడగాలి, ఆంటీ?”

“ఆయనకి పొయ్యి దగ్గర పని ఉందట.”

“ఫరవాలేదు. నాకు పనేం లేదు.” చేతులు కట్టుకుని వెనక్కి వాలింది.

అప్పుడు, నెమ్మదిగా నడిచే నా బుర్రలో, డబ్ గారు చెప్పిన మిగతా సగం ఎక్కింది.

ఈ పిల్ల స్టేక్ కోసం రాలేదు! రికార్డు కోసం అసలే రాలేదు! ఈ రాష్ట్రం మొత్తంలో మా ఆయన తనంతట తాను నడిచి వచ్చి, టోపీ తీసి, తన కూతురితో మాట్లాడి తీరాల్సిన చోటు ఇదొక్కటే. ఆ చోటు చూసుకుని కూర్చుంది.

చూశారా మన బతుకులు! మన మనుషులు ఐదు పౌండ్ల మాంసం మింగగలరు, గిన్నెడు బీన్స్ మింగగలరు, నెబ్రాస్కా వాళ్ళ ముందు ఓటమి మింగగలరు. ఇంట్లోవాళ్ళ ముందు ఒక్క చిటికెడు రోషం మింగడానికి మాత్రం గొంతు పట్టదు! ఆడపిల్ల తండ్రితో ఒక మాట మాట్లాడాలంటే ఒక స్టేజి కావాలి, మైకు కావాలి, రైలు కూత కావాలి, ఒక కోడె ప్రాణం పోవాలి, దీనికి తోడు ముందు వరసలో చర్చి సంఘం కావాలి! మా ఇంట్లో కూడా బల్ల ఉందండీ. నాలుగు కుర్చీలున్నాయి. ఒక్కటి కుంటుతుంది కానీ, మిగతావి గట్టివే. అక్కడ ఎవరూ ఎందుకు కూర్చోరు?

ఇదే నా ఫిర్యాదు. స్టేక్ మీద నాకేం కోపం లేదు.

“రూలు రూలే, రాయిస్!” మైకులో అన్నారు డబ్ గారు. జనం బూట్లతో నేల మీద దరువు వేయడం మొదలుపెట్టారు. కోళ్ళ సంగతి దేవుడెరుగు, నా గుండె కూడా ఆ దరువుకే కొట్టుకుంటోంది.

తలుపు మళ్ళీ తెరుచుకుంది.

రాయిస్ ఏప్రన్‌కి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. మొహం పొయ్యి సెగకి కందిపోయింది. స్టేజి మెట్లు ఒక్కొక్కటే ఎక్కాడు, స్టెంట్ వేసిన మనిషి ఎక్కాల్సినట్టే ఎక్కాడు, షెల్బీ అది కళ్ళతో కొలుస్తోంది. టోపీ తీశాడు. దానివైపు చూడలేదు. దాని తలకి పైన వేలాడే గడియారం వైపు చూశాడు. ముప్పైమంది సేల్స్‌మన్‌లకి చెప్పిన మాటే అప్పజెప్పినట్టు చెప్పాడు.

“మాంసం తమరికి కుదిరిందాండీ?”

తమరు! దానికి నడక నేర్పిన మనిషి!

షెల్బీ కత్తి తీసుకుంది. మధ్యలోకి కోసింది. నాకు కింద నుంచే కనపడింది. లోపల ఎర్రగా ఉంది. రసం పళ్ళెం అంచు దాకా పారింది. పందెం స్టేకులన్నీ డబ్ గారు మధ్యరకంగా కాల్చమంటారు, ఎవరైనా వేరేగా అడిగితే తప్ప. ఈ పిల్ల ఏమీ అడగలేదు. ఆయన్నీ ఎవరూ అడగలేదు. దానికి ఎలా కావాలో అచ్చం అలా, నిప్పుకి చూపించి, తీసుకొచ్చాడు.

ముక్క నోట్లో పెట్టుకుంది. నమిలింది.

జనం దరువు ఆగింది. ఎవరో పిల్ల దగ్గితే పక్కవాళ్ళు ఉష్ అన్నారు. డబ్ గారి వేలు గడియారం మీటమీద ఉంది. ‘బాగుంది’ అంటే నొక్కుతారు, కాదంటే మా ఆయన పళ్ళెం తీసుకెళ్ళి, మళ్ళీ వచ్చి, మళ్ళీ అడగాలి. నేను లేచి నిలబడ్డాను, చేతులు ముందుకి చాచి, బొమ్మలో ఉన్నట్టే. ముక్క అడ్డం పడితే ఏం చెయ్యాలో నాకు తెలుసు. మాట అడ్డం పడితే ఏం చెయ్యాలో ఆ కాగితంలో లేదు.

అది నములుతూనే ఉంది. అంత చిన్న ముక్కని అంతసేపు ఎవరూ నమలరు. రాయిస్ టోపీ అంచుని చుట్టూ తిప్పుతూనే ఉన్నాడు. గడియారం నుంచి చూపు దించి, పళ్ళెం వైపు చూశాడు, పళ్ళెం నుంచి దాని చేతుల వైపు, చేతుల నుంచి మొహం వైపు చూశాడు.

అప్పటికి మింగింది.

తన జన్మలో ఎప్పుడూ అనని మాట అంది.

“ఇంకొంచెం కాలాలి, నాన్నా.”